చలికాలపు పురుడు

తాము దయగలవారమని తలంపనివారు లోకమున అరుదు. ఎదుటి ప్రాణి బాధ చూచి మనస్సు కరగుటయే దయ యైనచో ఆ తలంపు తప్పు కాదు. కాని మనస్సు కరగినంత మాత్రమున చలిలోనున్న ప్రాణికి వెచ్చదనము కలుగదు. అంతే కాదు, కరగిన మనస్సు తొందరపెట్టగా చేసిన పని యొక్కొక్కప్పుడు ఆ ప్రాణికే ముప్పు తెచ్చును. దయ తనంత తాను చాలునా, దానికి తెలివి కూడ తోడుండవలెనా యను ప్రశ్నను మేము పెక్కుమారులు తరగతిలో వ్యాసవిషయముగా నిచ్చియుంటిమి. దాని సమాధానమును మాత్రము మా పెరటి కట్టెల కొట్టములో, రెండు కుక్కపిల్లల చావు చూచి నేర్చుకొంటిమి.

అప్పుడు మేము తూర్పుకనుమలలోని చింతపల్లి ప్రాంతమున నుపాధ్యాయులముగా నుంటిమి. ఆ సీమలో మార్గశిర పుష్యమాసముల చలి, మైదానమున పుట్టి పెరిగిన మావంటివారి యూహకు మించినది. చేరువనున్న లంబసింగికి పట్టణములనుండి జనులు కార్లలో వచ్చి, మంచు చూచి, ఫొటోలు తీసికొని, ఎండ యెక్కిన పిమ్మట మరలిపోవుదురు. వారికది వేడుక. ఆ మంచులోనే రేయి గడుపవలసిన ప్రాణికి వేడుక కాదు. ఒకనాటి వేకువను మా కట్టెల కొట్టమునుండి సన్నని కూతలు వినవచ్చెను. పోయి చూడగా వీధికుక్క యొకటి నాలుగు పిల్లలను ఈని, సిమెంటు నేలపై నొక మూల ముడుచుకొని యుండెను. మమ్ము చూచి గుర్రుమని లేచి, బయటికి పోయి దూరముగా నిలిచెను. పిల్లలను తాకి చూచితిమి. చన్నీట తడిపిన గుడ్డలవలె చల్లగా నుండెను.

మా గుండె నీరయ్యెను. వెంటనే బొగ్గుల కుంపటి రాజవేసి కొట్టము నడుమ నుంచితిమి. గాలి చొరకుండ తడికె దగ్గరగా వేసి, సందులలో గోనెలు క్రుక్కితిమి. పిల్లలను కుంపటి ప్రక్కన పెట్టి, గోరువెచ్చని యావుపాలలో దూది ముంచి నోట పిండితిమి. మా యింటివారు వాకిట నిలిచి, "తడికె మూసితిరే, తల్లి యెట్లు వచ్చునండి? ముందు దానిని రానీయండి" అనిరి. పురుళ్లు చూచినవారి మాట యది. రెండు భాషలు చదివిన మాకది చెవికెక్కలేదు. మధ్యాహ్నమునకు రెండు పిల్లలు కదలక పడియుండెను. మేము తడికె తీసినంతనే తల్లి లోనికి దూరి, మిగిలిన రెంటిని ఒకదాని తరువాత నొకటిగా నోట కరచుకొని, వీధి చివరి తూము క్రిందికి కొనిపోయెను. అది తన పిల్లలను మా దయనుండి కాపాడుకొనెనని చెప్పుటయే న్యాయము.

తరువాత నొక పశువైద్యునితో నీ సంగతి చెప్పితిమి. ఆయన మమ్ము నిందింపలేదు. కాని మేము మంచివనుకొన్న పనులు మూడును మూడు తప్పులని విడమరచి చెప్పెను. అప్పుడే పుట్టిన కుక్కపిల్ల కన్ను తెరచియుండదు; తెరచుటకు 10 మొదలు 14 దినములు పట్టును. చెవియు వినదు. అంతకంటె పెద్ద లోపము, దానికి వణకుట చేతకాదు. మనకు చలివేసినప్పుడు కండరములు వణకి వేడి పుట్టించును. ఆ శక్తి తొలి వారమున కుక్కపిల్లకు లేదు. పెద్దకుక్క యొంటివేడి 38, 39 డిగ్రీల సెల్సియస్ ప్రాంతమున నుండగా, తొలి వారమున పిల్ల యొంటివేడి 35 మొదలు 37 డిగ్రీల నడుమ మాత్రమే యుండును. పెద్దదానితో సమమగుటకు సుమారు నెల పట్టును. ఒడలు చల్లబడినప్పుడు ప్రేగు పనిచేయదు. అప్పుడు పోసిన పాలు అరుగవు. ఊపిరితిత్తులలోనికి పోవు భయమును కలదు. కనుక ముందు వెచ్చదనము, తరువాతనే పాలు. ఆ వెచ్చదనమును మెల్లమెల్లగా నీయవలెను. ఆ పాలును సాధ్యమైనంతవరకు తల్లివే కావలెను. రోగములనుండి పిల్లను కాపాడు శక్తి తొలిదినపు ముర్రుపాలలో నున్నది. ఇక మూసిన గదిలో బొగ్గులు కాలునపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పెద్దవారిని సైతము నిద్రలోనే చంపగలదు. "ఈ మూడింటిలో ఏది చంపెనో చెప్పలేను, ఏ యొక్కటియైనను చాలును" అని యాయన ముగించెను.

మూడవ యేట చలికాలమున మరియొక చూలికుక్క మా యరుగు పట్టినది. ఈమారు పని మా యింటివారి చేతిలో నుండెను. మేము చెప్పినట్లు చేసితిమి. వాకిట కుక్క ఈనుట యేమి మర్యాద యని మా తల్లిగారు కొన్నాళ్లు సణిగిరి గాని, చలి ముదిరిన రాత్రి తమ పాత బొంతను తామే తెచ్చి యిచ్చిరి.

కుక్క చూలు సుమారు 63 దినములు. ఈనుటకు వారము పది దినములకు ముందే చోటు సిద్ధము కావలెను. లేనిచో నది తనకు తోచిన మూలకు పోవును. పాత చెక్కపెట్టె యొకటి తీసికొని, తల్లి కాళ్లు చాచి పడుకొనునంత వెడల్పు చేసితిమి. ఒక ప్రక్క అంచును తల్లి దాటగలిగి, పిల్ల దాటలేనంత యెత్తున కోసితిమి. సిమెంటు నేల యొంటిలోని వేడిని పీల్చివేయును గనుక పెట్టెను ఇటుకల మీద నుంచి, లోన గోనె, దానిపై ఎండుగడ్డి, దానిపై పాత నూలుగుడ్డ పరచితిమి. పెట్టె లోపలి గోడల వెంట, గోడకు నాలుగంగుళముల ఎడముగా, అడుగుకు నాలుగంగుళముల యెత్తున వెదురుబద్దలు బిగించితిమి. తల్లి గోడవైపు ఒరిగినప్పుడు వెనుక చిక్కిన పిల్ల నలగిపోకుండుటకు. మూడు ప్రక్కల గాలి తగులకుండ గోనె కట్టి, ఒక ప్రక్క ఊపిరికి విడిచితిమి. పక్క తడిసినపుడెల్ల మార్చితిమి. తడిసిన పక్క వట్టి నేలకంటె చెడ్డది. పిల్లలుండు మట్టమున ఉష్ణమాపకముంచి, తొలి వారము 30 డిగ్రీల ప్రాంతమున వేడి నిలిపి, వారము వారము కొంత తగ్గించి, నాలవ వారమునకు 24 డిగ్రీలకు తెచ్చితిమి.

వేడి కొరకు కుంపటి లేదు; గుడ్డలో చుట్టిన వేడినీటి సీసాలే. వానిని పెట్టె నలుమూలల పెట్టుదమని మేమనగా, మా యింటివారు ఒప్పుకొనలేదు. "ఒక్క మూలనే పెట్టండి. వేడి యెక్కువైన పిల్ల యెక్కడికి పోవలెను?" అనిరి. ఆ మాటలో మేము వెదకుచుండిన ధర్మసూక్ష్మమంతయు నున్నది. కన్ను తెరువని పిల్లయైనను చలివేసినచో వెచ్చని మూలకు ప్రాకును. ఉడికినచో చల్లని మూలకు ప్రాకును. దానికెంత వెచ్చదనము కావలెనో మనకంటె దానికే బాగుగ తెలియును. మనము చేయవలసినది రెండు మూలలును దానికి అందుబాటున నుంచుట. పిల్లలు ఒకదానిపై నొకటి కుప్పగా పడియున్నచో చలి. విడివిడిగా దూరదూరముగ పడి రొప్పుచున్నచో వేడి. ప్రక్కప్రక్కన మెత్తగా ఒరిగి నిద్రించుచున్నచో సరి. నోరులేని ప్రాణి తన యవసరమును ఇంత స్పష్టముగా చెప్పుచుండగా, చదువవలసిన భారము మనది. మొదటిసారి మేము కుంపటి పెట్టినపుడు తొలగుటకు వానికి చోటు విడువలేదు. చోటు విడువని దయ, పొందువారి పాలికి బలవంతము.

ఈ సూత్రము కుక్కలకు మాత్రమే చెల్లునదియని తలంపరాదు. పూర్వము మన యిండ్లలో పురిటిగది యెట్లుండెనో చదువరులకు తెలియును. ఇంటిలోని చీకటి మూల, మూసిన కిటికీ, కుంపటి, పొగ. తల్లిని బిడ్డను చలినుండి కాపాడవలెనను ప్రేమయే దానికి మూలము; కాని ఆ ప్రేమ గాలిని వెలుతురును కూడ మూసివేసినది. నెలలు నిండని శిశువు కూడ కుక్కపిల్లవలెనే తన వేడిని తాను నిలుపుకొనలేదు. 1978 లో కొలంబియా దేశపు బొగొటా నగరమున, వేడి పెట్టెలు చాలక డాక్టరు ఎడ్గార్ రే సనాబ్రియా అట్టి శిశువులను తల్లి రొమ్మున చర్మమునకు చర్మము తగులునట్లు కట్టియుంచు పద్ధతిని ప్రారంభించెను. నేడది కంగారూ పద్ధతి యను పేర మన యాసుపత్రులలోను నడచుచున్నది. శిశువునకు మేలైన వెచ్చదనము తల్లిదే. తక్కినవారి పని ఆ తల్లికి అడ్డములు తొలగించుట. గడప కడ నిలిచి మా యింటివారు చెప్పినదియు నిదియే.

ఇచ్చట మిత్రులు రెండు ఆక్షేపణలు చేసిరి. మొదటిది: కాలిబాటల మీద మనుష్యులే చలికి చచ్చుచుండగా కుక్కకు పురుడు పోయుట విలాసము కాదా? దయ గాదెలోని ధాన్యమైనచో ఈ ప్రశ్న సరియైనదే. కుక్కకు కొలిచినంత మనిషికి తగ్గును. మా యనుభవము వేరు. పెట్టె క్రింద ఇటుకలు పెట్టిన వారమే, మేము పాఠశాల వసతిగృహమున రాత్రి తనిఖీకి పోయి, చాపమీద నిద్రించు బాలుర ప్రక్కన వంగి నేలపై చేయి పెట్టి చూచితిమి. అన్నియేండ్లు చెప్పులు తొడుగుకొని ఆ నేలపై నడచితిమి. దాని చలి మాకు తెలియలేదు. మరునాడు బల్లల కొరకును, రెండవ దుప్పటి కొరకును వ్రాసితిమి. కుక్క వలన ఆ బాలురకు తగ్గినదేమియు లేదు.

రెండవ యాక్షేపణ బలమైనది: కుక్కలు పెరుగును, కరచును, బిడ్డలకు ప్రమాదము. ఇది నిజము. అందుచేతనే వెచ్చని మూలతో పని ముగియలేదు. ఈనిన కుక్క కడకు బిడ్డలను పోనీయలేదు. కరచినచో గాయమును 15 నిమిషములు సబ్బునీట కడిగి వెంటనే వైద్యుని కడకు పోవలెనని వారికి నేర్పితిమి. పిల్లలకు మూడవ నెలలో పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించితిమి. పాలు మరపిన పిమ్మట తల్లికి, 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పురీతిని, సంతాననిరోధక శస్త్రచికిత్సయు టీకాయు చేయించితిమి. వెచ్చదనమిచ్చి ఈ పని మరచినవాడు మరుసటి పుష్యమాసమునకు మరికొన్ని చావులను సిద్ధపరచినవాడగును. ఇది యతిశయోక్తి కాదు. పశ్చిమబెంగాలున కోల్‌కతా ఐసర్ శాస్త్రజ్ఞులు వీధికుక్కల 95 ఈతలలోని 364 పిల్లలను గమనించి 2016 లో ప్రకటించిన లెక్క చూడుడు. ఈడు వచ్చువరకు బ్రతికినవి నూటికి 19. చనిపోయినవానిలో నూటికి 63 మనుష్యుల మూలమున చనిపోయినవి.

ఈ లెక్క చూచినపుడు మాకు సరమ జ్ఞప్తికి వచ్చును. ఆదిపర్వము మొదటనే, జనమేజయుని యజ్ఞశాలకు వచ్చిన కుక్కపిల్లను రాజు తమ్ములు కొట్టిరి. దాని తల్లి సరమ సభకు వచ్చి, నా బిడ్డ చేసిన తప్పేమని యడిగెను. ఎవరును బదులు చెప్పలేదు. నిరపరాధిని కొట్టితిరి గనుక మీకు చూడరాని భయము కలుగునని చెప్పి యామె వెడలిపోయెను. నన్నయభట్టారకుడును ఈ కథను విడువక తెనిగించెను. ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న కథ మనయింట నందరికి తెలియును. సరమ ప్రశ్న తెలిసినవారు తక్కువ. మొదటిదానిలో మన గొప్పతనము కనబడును. రెండవదానికి మనము సమాధానము చెప్పవలసియుండును. తడికె వెలుపల నిలిచి గోకుచుండిన ఆ తల్లి మమ్మడిగినదియు నా ప్రశ్నయే. మేము కొట్టలేదు, దయ చూపితిమి. అయినను బదులు చెప్పలేకపోతిమి.

రెండవ పురిట ఐదు పిల్లలు పుట్టినవి. ఒకటి మూడవనాడు పోయినది, నాలుగు నిలిచినవి. ఒక రాత్రి లాంతరు పట్టుకొని చూచితిమి. సీసా కడనున్న పిల్ల యొకటి వేడి చాలినదై, కన్ను తెరువకయే తలయాడించుచు, మెల్లగా ప్రాకి తల్లి పొట్టను చేరినది. చలికాలము రానున్నది. మీ యరుగు క్రిందనో, కొట్టములోనో చూలికుక్క చేరినచో ముందుగా వంగి నేలమీద చేయి పెట్టి చూడుడు. పిదప ఏమి కావలెనో ఆలోచింపవచ్చును.