గాదె అడుగు గింజలు ఎవరివి?



సార్వా వరి కోతకు వచ్చే రోజుల్లో గాదె ఖాళీ చేసి శుభ్రం చేసుకోవడం మన డెల్టా గ్రామాలలో పెద్దల నాటి నుండి వస్తున్న పని. కోత యంత్రాలు వచ్చి, ధాన్యాన్ని కళ్ళం మీదనే అమ్ముకుంటున్న ఈ కాలంలో గాదెలు తగ్గిపోయాయి. అయినా తిండికనీ, విత్తనానికనీ నాలుగు బస్తాలు దాచుకునే రైతు కుటుంబాలు మన విచారణలలో ఇంకా ఉన్నాయి. గాదె పోయి ఇనుప డబ్బా వచ్చినా అడుగున మిగిలేవి మిగులుతూనే ఉన్నాయి. "ఆ ఊడ్చిన గింజలు పేదవాళ్ళకు ఇచ్చేస్తున్నాము ఫాదర్, అది దానమే కదా?" అని ఒక రైతు సోదరుడు అడిగారు. చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది.

ముందుగా గాదె ఎందుకు ఊడుస్తామో ఆలోచించుదాము. పాత గింజల్లో నుసి పురుగు ఉంటుంది, వడ్ల చిలక ఉంటుంది. వడ్ల చిలక పిల్లపురుగు ఒక్క గింజలో దూరి, లోపలి బియ్యమంతా తిని, గుండ్రని కన్నం చేసుకొని చిలకై బయటకు వస్తుంది. పైకి చూస్తే అది వడ్ల గింజే, లోపల ఊక. ఆ పాత గింజల మీద కొత్త ధాన్యం పోస్తే పురుగు దానికీ పాకుతుంది. అందుకే పగుళ్ళలో ఇరుక్కున్న గింజ కూడా లేకుండా గీకి, మట్టితో మెత్తి, ఎండబెట్టిన వేపాకు వేసి, ఆ తర్వాతనే కొత్త పంట పోస్తారు. లేవీయకాండము 26:10లో దేవుడు తన ప్రజలకు వాగ్దానం చేసిన దీవెన కూడా ఇటువంటిదే. పాత ధాన్యం తింటూ ఉండగానే కొత్తది వస్తుంది, దానికి చోటు కోసం పాతదాన్ని తీసివేయవలసి వస్తుంది. కాబట్టి గాదె ఊడ్చడం పాపం కాదు, సమృద్ధికి గుర్తు.

అయితే అదే లేవీయకాండము 19:9-10లో పొలం అంచుల వరకు కోయవద్దనీ, రాలిన పరిగె ఏరుకోవద్దనీ, అది పేదలకూ పరదేశులకూ వదలమనీ ఆజ్ఞ ఉంది. పొలం అంచుకూ గాదె అడుగుకూ ఉన్న తేడా గమనించండి. అంచున వదిలినది యజమాని ఇంటికి వెళ్ళిన ధాన్యం వంటిదే. అదే పైరు, అదే వారం, అదే నాణ్యం. గాదె అడుగున మిగిలినది మాత్రం ఏడాదంతా మనం తిని, అమ్మి, విత్తనం తీసుకోగా చివరకు మనకే పనికిరాకుండా పోయినది. రూతు పరిగె ఏరుకుంటున్నప్పుడు బోవసు తన కోతగాండ్రతో, కట్టల నుండి కావాలని కొన్ని వెన్నులు లాగి పడవేయమన్నాడు. పురుగు పట్టిన తర్వాత పిలవలేదు.

రైతు చెప్పే జవాబు నాకు తెలుసు, దానిని తేలికగా తీసివేయలేము. "వాన ఎప్పుడు పడుతుందో, తుఫాను ఎప్పుడు వస్తుందో ఎవరికి తెలుసు? దాచుకోకపోతే ఎలా?" అంటారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను చూసిన తరానికి ఆ మాట ఎవరూ నేర్పనక్కరలేదు. యోసేపు కూడా ఐగుప్తులో ఏడేండ్లు అయిదవ వంతు పంటను కొట్లలో నింపించాడు. లూకా సువార్త 12వ అధ్యాయంలోని ధనికుడు కూడా కొట్లే కట్టాలనుకున్నాడు. ఒకడు వివేకవంతుడు, రెండవవాడు అవివేకి. ఎందుకు? యోసేపు ధాన్యానికి దానిని తినబోయేవారు ఎవరో ముందే నిర్ణయమై ఉన్నారు. ఆ ధనికుడైతే తన ప్రాణంతో తప్ప మరెవరితోనూ మాట్లాడలేదు.

పునీత తోమాసు అక్వినాసు ఈ విషయంలో రెండు మాటలు చెప్పారు. ఆస్తిని సంపాదించి, నిర్వహించే హక్కు మనిషికి ఉంది. దానిని వాడుకోవడంలో మాత్రం అది అందరిదీ అన్నట్లు, అవసరంలో ఉన్నవారికి ఇచ్చే సిద్ధంతో ఉండాలి. మన అవసరం పోగా మిగిలినది సహజ న్యాయాన్ని బట్టి పేదల పోషణకే చెందుతుంది. అంటే మిగులు మనది కాదు. మరి మిగులు ఎప్పుడు మిగులవుతుంది? తత్వశాస్త్రం పుస్తకాలలో దీనికి తేదీ దొరకదు గాని, రైతు ఇంట్లో దొరుకుతుంది. నాట్లు పడి, కాలువ నీరు వచ్చి, పైరు నిలబడిన తర్వాత గాదెలోకి తొంగిచూస్తే ఏడాదికి సరిపోగా ఎన్ని బస్తాలు మిగులుతాయో ఇల్లాలు వేలిమీద లెక్కపెట్టి చెప్పగలదు. కలుపు తీతలు అయిపోయి, కోతలు ఇంకా మొదలుకాక, కూలీ ఇండ్లలో పని లేని రోజులు కూడా అవే. అప్పుడు ఇచ్చిన బస్తా దానం. రెండు నెలలు ఆగి, పురుగు పట్టాక ఇస్తే అది గాదె శుభ్రం చేసుకోవడం. పేరు మాత్రం దానమని పెట్టుకుంటున్నాము.

గుడ్డిదీ కుంటిదీ బలికి తెచ్చిన వారిని, అదే మీ అధికారికి ఇచ్చి చూడండని మలాకీ ప్రవక్త ద్వారా (1:8) దేవుడు అడిగాడు. బూజు పట్టినవీ, మందు కలిపిన విత్తనాలూ అయితే ఎవరికీ ఇవ్వకూడదు, కోళ్ళకు కూడా వేయకూడదు. పాతిపెట్టవలసినదే. పురుగు మాత్రమే పట్టినవైతే కోళ్ళు సంతోషంగా తింటాయి.

ఇంకొక మాట. మన విచారణలలో గాదె ఉన్న కుటుంబాలకన్నా గాదె ఊడ్చే కుటుంబాలే ఎక్కువ. దుమ్ములో దగ్గుతూ రోజంతా ఊడ్చిన ఆడమనిషికి "ఆ గింజలు నువ్వే పట్టుకెళ్ళు" అని చెప్పి పంపించే ఇండ్లు ఉన్నాయి. అది దానమూ కాదు, కూలీ కూడా కాదు. పరిగెను గురించిన ఆజ్ఞ అయిపోయాక మూడు వచనాలకే, 19:13లో, కూలివాని కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది. ముందు ఆమె చేతిలో డబ్బు పెట్టాలి. ఆ తర్వాత గింజలు కావాలంటే చెరిగి, మంచివి ఏరుకొని తీసుకెళ్తుంది, వద్దంటే వదిలేస్తుంది.