పొదుపు ఎవరి వాటాలో?



ఇంటి ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు మొదటి కోత ఎక్కడ పడుతుంది? చాలా ఇళ్ళలో మనం చూసేది ఇదే: ఇల్లాలు తాగే గ్లాసుడు పాలు, ముసలివారి మందులు, పనిమనిషి జీతం. ఎదురు చెప్పలేనివారి వాటాయే ముందు తగ్గుతుంది. దీనిని పొదుపు అనవచ్చునా? అనకూడదని మేము తలుస్తున్నాము. ఇది భారాన్ని ఒకరి తలమీదనుండి మరొకరి తలమీదికి మార్చడమే.

నిజమైన పొదుపు వృథాను వెదకుతుంది. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు అవుతాయి; 9 వాట్ల ఎల్‌ఇడి బల్బుకు ఒకటిన్నర యూనిట్లు కూడా కావు. పప్పు ముందుగా నానబెట్టి, మూతపెట్టి ఉడికిస్తే గ్యాసు మిగులుతుంది. ఇవి చిన్నవి, పెద్దది అప్పు. నెలకు నూటికి 3 రూపాయల వడ్డీకి లక్ష తెచ్చి పెళ్ళి ఘనంగా చేస్తే, ఏడాదికి 36,000 రూపాయలు వడ్డీకే పోతాయి. ఇల్లాలు పాలు మానుకున్నంత మాత్రాన ఆ అప్పు తీరుతుందా?

కనుక నెల మొదట ఇంటిల్లిపాదీ కూర్చుండి లెక్క వ్రాసుకుందాము. సంపాదించే మనమే మొదట మన ఖర్చు తగ్గించుకుందాము. ఆ తరువాతనే ఇతరులను తగ్గించుకోమని అడిగే హక్కు మనకుంటుంది.