అమ్మ నెమ్మది

2021 మే. అన్నయ్య కోవిడ్‌తో ఆస్పత్రిలో ఉన్నాడు. రాత్రంతా నేను ఫోన్ పట్టుకుని కూర్చుంటే, అమ్మ తెల్లవారుజామున మోకరించి ప్రార్థన చేసుకుని, లేచి అన్నం వండింది. ఆ నెమ్మది చూసి నాకు ఒళ్ళు మండింది. మతం స్త్రీకి ఓర్పు నేర్పి నోరు మూయిస్తుందని సిద్ధాంత వ్యాసంలో రాసినదాన్ని కదా!

తర్వాతెప్పుడో సమూయేలు మొదటి గ్రంథంలో హన్నా కథ మళ్ళీ చదివాను. పిల్లలు లేరని సవతి దెప్పుతుంటే తిండి మానేసి ఏడ్చిన మనిషి. షిలోహు మందిరంలో ఆమె పెదవులు మాత్రమే కదలడం చూసి, తాగి వచ్చిందనుకున్నాడు యాజకుడు ఏలీ. ఆమె ఊరుకోలేదు. తాగలేదనీ, దుఃఖంతో మాట్లాడుతున్నాననీ జవాబు చెప్పింది. వెళ్ళి భోజనం చేసింది. అప్పటికింకా కడుపు పండలేదు, ముఖంలో దిగులు మాత్రం పోయింది. (కొడుకు కోసమే ఆ ప్రార్థన కావడం నన్నిప్పటికీ ఇబ్బంది పెడుతుంది. అది వేరే చర్చ.)

ఆ నెమ్మదిని లొంగుబాటు అనగలమా? ఆ ఉదయం ఆస్పత్రికి ఫోన్ చేసి, డాక్టరు లైన్లోకి వచ్చేదాకా పెట్టేయనిది అమ్మే. నాకు గొంతు పెగల్లేదు. అన్నయ్య కోలుకోవడం ప్రార్థనకు రుజువని నేననను. అదే వార్డులో కోలుకోనివాళ్ళ తల్లులూ ప్రార్థించే ఉంటారు. నాకింకా ప్రార్థన రాదు. ఆ రోజు మాత్రం అమ్మ పెట్టిన కంచం ముందు కూర్చుని, కలుపుకుని తిన్నాను.