నిలుపదగినది, నిలుపరానిది

జనగామ ప్రాంతమున పత్తి ఏరబోవు స్త్రీలు తెల్లవారకమునుపే చెంబట్క పోయివచ్చి, సద్ది కట్టుకొని ఆటో ఎక్కినది మొదలు దీపాలవేళకు ఇల్లు చేరువరకు, ఒంటికి పోవలసివచ్చునేమో యను భయముచేత, దాహమైనను నీళ్లు త్రాగక, సీసాలోని నీటితో పెదవులు మాత్రము తడుపుకొని మూత బిగించుట నేను పలుమారులు చూచితిని. చాటు దొరకినచోట పాముభయము, దొరకనిచోట మనుష్యభయము. మా పెద్దమ్మ నలువది యేండ్లు అట్లే గడపినది. ఆమె సీసా సాయంకాలమునకు ముప్పాతిక నిండియే తిరిగివచ్చెడిది. దానిని చూచి ఇంటివారు “ఎంత ఓర్పుగలది” అని మెచ్చుకొనెడివారు. ఆ ఓర్పు ధర్మమేనా యను ప్రశ్న నన్ను చాలకాలముగా వేధించుచున్నది.

చరకసంహిత సూత్రస్థానమున ఏడవ అధ్యాయము ఈ విషయముతోనే మొదలగుచున్నది. మూత్రము, పురీషము, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పి, కన్నీరు, నిద్ర మొదలుగా పదుమూడు దేహవేగములను బలిమిని ఆపరాదని విధించి, మూత్రమును నిలిపినవారికి పొత్తికడుపున పోటు, విసర్జనమున బాధ, తలనొప్పి, నడుము వంగిపోవుట, గజ్జలు బిగియుట కలుగునని హెచ్చరించి, పిమ్మట నిలుపదగిన వేగములను వేరుగా చెప్పుచు లోభమును, శోకమును, భయమును, క్రోధమును, అహంకారమును, ఈర్ష్యను ఆచార్యుడు పేర్కొనెను. దేహము అడిగినదానిని ఇమ్ము, మనస్సు అడిగినదానిని ఆపుము అనుట దీని భావము. మన యిండ్లలో ఆడుబిడ్డకు నేర్పునది దీనికి తలక్రిందులు. బడికి పోవుచున్న నాకును “నీళ్లు ఎక్కువ తాగకు బిడ్డా” అనియే చెప్పి పంపిరి. చరకుడు సిగ్గుమాలినతనమును కూడ నిలుపదగినవానిలో చేర్చెను గదా యని ఎవరైన అడుగవచ్చును. చేర్చినమాట నిజమే, కాని లజ్జ కొరకు మూత్రమును బిగబట్టుమని ఆయన ఎక్కడను చెప్పలేదు.

మూత్రకోశము విచిత్రమైన అవయవము. అది నిండుట మన చేతిలో లేదు. దాని వాకిలి తెరచుట కొంత మన చేతిలో ఉన్నది. నూటయేబది, రెండువందల మిల్లీలీటర్లు చేరగానే మెదడునకు తొలి కబురు పోవును; నాలుగైదువందలవరకు ఆపుకొనవచ్చును. ఆడువారి మూత్రనాళము సుమారు నాలుగు సెంటీమీటర్లే యగుటచేత సూక్ష్మక్రిములు పైకి ప్రాకుట సులభము. వానిని కడిగివేయవలసిన నీరే కరవైనచో మంట పుట్టును. స్త్రీలలో ఇంచుమించు సగముమంది జీవితమున ఒకసారియైన ఈ బాధ ననుభవింతురు. 2018లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, మాటిమాటికి ఈ వ్యాధి వచ్చుచున్న 140 మంది స్త్రీలలో సగముమంది ఏడాదిపాటు దినమునకు లీటరున్నర నీరు అదనముగా త్రాగగా, వారికది తిరుగబెట్టుట దాదాపు సగమునకు తగ్గినది. మన ఊళ్లలో “వేడి చేసింది” అని మజ్జిగయు, సబ్జానీళ్లును ఇచ్చుట ఇందుచేతనే వ్యర్థము కాదు. అయితే భయమునకు మజ్జిగ మందు కాదు. ఏండ్ల తరబడి బిగించుట యలవాటైన కండరములు చాటు దొరకినప్పుడును వెంటనే సడలవు. ఇక కాన్పుల తరువాత దగ్గినను, తుమ్మినను చుక్కలు జారు స్త్రీ, వాసన వచ్చునేమోయని పెండ్లిండ్లును గుడులును మానుకొని, చీర తానే చాటుగా ఉతుకుకొని, వైద్యునికి చెప్పుట యటుండగా కన్నకూతురికైనను చెప్పుకొనజాలదు.

మహబూబాబాదు దాపున కురవి వీరభద్రస్వామి గుడికి శివరాత్రినాడు పోవు స్త్రీలలో, స్వామికి మ్రొక్కి ఉపవసించునామెయు, వరుసలో ఒంటికి పోవలసివచ్చునని నీళ్లు మానునామెయు ప్రక్కప్రక్కనే నిలిచియుందురు. పెదవులు ఎండుట ఇద్దరియందును ఒక్కటే. కాని మొదటిది తాను కోరి పూనిన వ్రతము, రెండవది ఇతరులు విధించిన శిక్ష. దేహమును కృశింపజేయు ఘోరతపస్సు అందుండు తననే బాధించునని భగవద్గీత పదునేడవ అధ్యాయమున భగవంతుడు చెప్పెను. తాను కోరుకొన్న తపస్సునకే ఆ హద్దు ఉండగా, కోరని తపస్సును పుణ్యమని ఏల పొగడవలెను? మడి చెడునను శంకయు నిలువదు: మూత్రవిసర్జనమునకు శాస్త్రము చెప్పిన శుద్ధి కడుగుకొనుటయు, ఆచమనమును మాత్రమే. మన పాలకుర్తి సోమనాథుడు పాడిన వీరశైవమైతే జనన, మరణ, రజస్సూతకములతో గూడ అయిదు సూతకములను త్రోసిపుచ్చినది.

2018లో పెద్దమ్మను మేడారము జాతరకు తీసికొనిపోతిమి. వెనుకటి రాత్రి నుండి ఆమె నీళ్లు ముట్టలేదు. జంపన్నవాగులో స్నానమైన పిమ్మట, మరుగుదొడ్లు దూరమున కనబడుచుండగా పోయివత్తమంటిని. “గుంపుల తప్పిపోత బిడ్డా, అమ్మను చూసినంకనే” అని, బంగారమని పిలుచు బెల్లపు మూటను రొమ్మున అదుముకొని కదిలినది. అమ్మవార్ల గద్దెలు ఇంకను అల్లంత దూరమున నుండగనే ఆమె నొసట చెమట పోసెను. మోకాళ్లు దగ్గరకు చేర్చుకొని నిలిచిపోయి, మూట నా చేతికిచ్చి, “ఇగ నాతోని గాదే” అనెను. ముందు నిలిచిన లంబాడీ స్త్రీ యొకతె వెనుదిరిగి చూచి, ఏమియు అడుగక, భుజముమీది తడిచీరను విప్పినది. ఒక కొంగు నేను పట్టితిని, తక్కినవి ఎవరెవరో పట్టిరి. చెట్టుచాటున ఆ చీర నలుగురము గుండ్రముగా పట్టుకొని, మొగములు బయటికి త్రిప్పి నిలిచితిమి. చాలసేపు ఏ చప్పుడును లేదు. “నిమ్మలంగ గానీయి అవ్వా, మేమున్నం” అని ఆ స్త్రీ అనెను. తరువాత పెద్దమ్మ చేతులు కడుగుకొని, నా సీసా తీసికొని గటగట త్రాగి, ఖాళీదానిని చేతికిచ్చుచు “ఇంకిన్ని నీళ్లున్నయా?” అని అడిగినది.