కారు లేనివాళ్ల లెక్కన ఇల్లు చూడు

ఒరేయ్ నాన్నా, నువ్వు పంపిన హైదరాబాదు కొల్లూరు ఫ్లాటు కాగితాలన్నీ కళ్లజోడు పెట్టుకుని మరీ చదివాను. బాల్కనీ బాగుంది. ఈతకొలనూ బాగుంది, అందులో దిగేదెవరో తెలియదు గానీ. "ఫైనాన్షియల్ డిస్ట్రిక్టుకు పదిహేను నిమిషాలు" అని పెద్దక్షరాలతో అచ్చువేసిన చోట మాత్రం ఆగిపోయాను. ఎవరికి రా పదిహేను నిమిషాలు? ఆదివారం మధ్యాహ్నం ఔటర్ రింగు రోడ్డెక్కిన కారుకి. నువ్వు ఆఫీసుకెళ్లేది బండి మీద. 158 కిలోమీటర్ల ఆ ఔటర్ మీదికి టూవీలర్లను రానివ్వరు. నీకు మిగిలేది పక్కనున్న సర్వీసు రోడ్డు. దాని మీద టిప్పర్లూ, సిమెంటు లారీలూ, ఎదురొచ్చే ట్రాక్టర్లూ. ఔటర్ పక్కనే ఇల్లు అంటే ఔటర్ నీకు కనిపిస్తుందని మాత్రమే అర్థం.

నీకు చెప్పదలచుకున్నది ఒక్కటే. కారున్నవాడి లెక్కన దూరం కొలవకు. ఇంట్లో కారు నడపనివాళ్లు ఎవరో చూసుకుని వాళ్ల లెక్కన కొలువు. మీ ఇంట్లో కోడలికి స్టీరింగంటే భయం, వదినకి, అదే మీ అమ్మకి, మోకాళ్లు సహకరించవు, బుజ్జిదానికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. కొనే ఇంట్లో నీకంటే ఎక్కువసేపు ఉండేది, నీకంటే ఎక్కువ అవస్థ పడేది వాళ్లే. సైటు చూడ్డానికి మాత్రం నువ్వొక్కడివే ఏజెంటు కార్లో వెళ్లొచ్చావు.

ముందు కోడలి సంగతి. దాని బ్యాంకు సికింద్రాబాదులో. కొల్లూరు వైపు నుంచి సికింద్రాబాదుకు రోజూ వెళ్లొచ్చే మనిషికి రైలును మించింది లేదు. 2003 నుంచీ లింగంపల్లి, సికింద్రాబాదుల మధ్య ఎంఎంటీఎస్ నడుస్తోంది. చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ, బోరబండ మీదుగా బేగంపేట దాటి ముప్పావు గంట పైచిలుకులో దింపుతుంది. అది తప్పిపోతే మియాపూర్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారచ్చు. కాబట్టి కోడలికి కావలసింది పద్దెనిమిదో అంతస్తు కాదు, లింగంపల్లి స్టేషను. కొల్లూరు నుంచి ఆ స్టేషనుకు రావడమే ఒక ప్రయాణం. తెల్లాపూర్‌లోనూ స్టేషనుంది కదత్తా అంటావు. స్టేషనుంటే చాలదురా, మనకి కావలసిన వేళకి రైలుండాలి. టైంటేబులు తీసి ఉదయం ఎనిమిదికీ సాయంత్రం ఏడుకీ ఏమున్నాయో చూడు, తర్వాత మాట్లాడు.

ఒక పని చెయ్యి. ఈ మంగళవారం సెలవు పెట్టి కోడలి బ్యాంకు దగ్గరికి వెళ్లు. సాయంత్రం దానితో పాటే రైలెక్కి లింగంపల్లిలో దిగు. ఫోను తీసి క్యాబు బుక్ చెయ్యకు. స్టేషను బయట షేరాటోలో కూర్చో. ముందు సీట్లో ఇద్దరు, వెనక నలుగురు ఎక్కేదాకా అది కదలదు. కదిలాక మెయిన్ రోడ్డు మీద ఆపి, "లోపలికి రాను సార్, అక్కణ్నుంచి ఖాళీగా తిరిగి రావాలి" అంటాడు. అక్కణ్నుంచి గేటు దాకా నడిచి చూడు. వీధి దీపాలు ఎన్ని వెలుగుతున్నాయి, కట్టకుండా వదిలేసిన ప్లాట్లెన్ని, కుక్కలెన్ని, దారిలో తెరిచి ఉన్న కొట్టు ఒక్కటైనా ఉందా అని చూడు. ఆ నడక కోడలు రోజూ నడవాలి, వానాకాలం కూడా. ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు 2023 డిసెంబరు నుంచి ఉచితమే కానీ, బస్సంటూ మీ గేటు వైపు రావాలిగా.

"మెట్రో పటాన్‌చెరు దాకా వస్తుందట" అనే మాట ఆ ఏజెంటు నోట ఎన్నిసార్లు వచ్చిందో నేను ఊహించగలను. రావచ్చు, వస్తే సంతోషమే. కానీ ఎంఎంటీఎస్ రెండో దశ సంగతి చూడు, పనులు ఏళ్లకి ఏళ్లు సాగి ఘట్‌కేసర్‌కు రైలు 2024 మార్చిలో గానీ కదల్లేదు. రైలొస్తుందని ముందే అటువైపు కొనుక్కున్నవాళ్ల పిల్లలు బళ్లు దాటి కాలేజీలకు వచ్చారు. పటంలో చుక్కల గీత గీసి ఉన్న రైలుకి ఇవాళ్టి ధర కట్టకు. పట్టాల మీద తిరుగుతున్నదానికే కట్టు.

ఇక వదిన. మీరిద్దరూ ఎనిమిదింటికి బయటపడితే రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరరు. ఆ పన్నెండు గంటలూ ఆవిడా, బుజ్జిదీ. రాజమండ్రిలో గుమ్మంలో నిలబడితే వీధంతా పలకరించే మనిషి, ఇక్కడ ఎదురు ఫ్లాటు తలుపు తెరుచుకోవడం కూడా చూడదు. అందుకని ఒకరోజు పనిదినాన, ఉదయం పదకొండుకి ఆవిణ్ని ఆ గేటు దగ్గర దింపి, ఒక కొత్తిమీర కట్ట, బీపీ మాత్రలు కొని తెమ్మను. నువ్వు వెంట వెళ్లకు. ఎంతసేపట్లో తిరిగి వస్తుందో, వచ్చాక మొహం ఎలా ఉంటుందో చూస్తే బ్రోచరులో లేని సంగతి తెలుస్తుంది. యాప్ నొక్కితే పది నిమిషాల్లో వస్తాయంటావేమో. సరుకులొస్తాయి, మనుషులు రారు. పైగా ఆవిడ రెండు నెలలకోసారి ఊరు వెళ్లందే ఉండలేదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు లింగంపల్లి నుంచే బయల్దేరుతుంది; రాత్రి ఎక్కితే తెల్లారేసరికి గోదావరి. స్టేషను దగ్గర్లో ఇల్లుంటే సంచి పట్టుకుని ఆవిడ పాటికి ఆవిడ వెళ్లిపోతుంది, నీ సెలవు కోసం ఎదురుచూడక్కర్లేదు.

అందుకే నా మాట, లింగంపల్లి స్టేషనుకు దగ్గర్లో ఉన్న నల్లగండ్ల. నీ ఆఫీసుకి గోపన్‌పల్లి మీదుగా బండి దారి, కోడలికి రైలు, వదినకి కూరగాయల బజారు. పాత ఫ్లాటైనా, ఒక గది తక్కువైనా ఫరవాలేదు. ఈతకొలను ఉండదు, ఏం మునిగిపోదు.

ఎక్కడ చూసినా నీళ్ల సంగతి మాత్రం అమ్మేవాణ్ని అడగకు. పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని అడుగు, లేదా పొద్దున్న ఆరింటికి గేటు దగ్గర నిలబడు. ఎన్ని ట్యాంకర్లు లోపలికి వెళ్తున్నాయో నువ్వే లెక్కపెట్టుకోవచ్చు. లోపలికెళ్లాక బాత్రూములో కుళాయి మూతి పట్టి చూడు. తెల్లగా పొక్కులు కట్టి గోరుతో గీకినా రాకపోతే వాళ్లు వాడేది బోరు నీళ్లని అర్థం. నీ గీజరూ, వాషింగ్ మెషీనూ అంతే సంగతులు. ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్సు బిల్లు చూపించమను. డిసెంబరు బిల్లు చూపిస్తే నమ్మకు.

వాన పడిన రోజున ఇంకోసారి వెళ్లు. లింగంపల్లి రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలిస్తే అటు ఊరు అటే, ఇటు ఊరు ఇటే. 2020 అక్టోబరు 13 రాత్రి నీకు గుర్తుండే ఉంటుంది, చెరువులు తమ పాత జాగా వెతుక్కుంటూ కాలనీల్లోకి వచ్చాయి. "లేక్ వ్యూ" అని పేరుంటే మరీ జాగ్రత్త. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే దాని ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు చేరే హద్దు, నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక ఆ గీత లోపల కట్టినవి ఏమయ్యాయో పేపర్లలో చూశావుగా. పటాన్‌చెరు వైపు చూసే ఫ్లాటైతే రాత్రి పదకొండు దాటాక వెళ్లి కిటికీ తెరువు. రసాయనాల వాసన వస్తోందని ఆ చుట్టుపక్కల కాలనీలవాళ్లు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు.

డబ్బు లెక్క త్వరగా చెప్పేస్తాను. కోటీ ఇరవై లక్షల ఫ్లాటుకు బ్యాంకు ఇచ్చేది మహా అయితే 90 లక్షలు. 75 లక్షలు దాటిన అప్పుకు విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. మిగతా 30 నీది. రిజిస్ట్రేషను ఏడున్నర శాతం, అంటే తొమ్మిది లక్షలు. ఇంకా కడుతున్నదైతే జీఎస్టీ 5 శాతం, ఇంకో ఆరు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు. వడ్డీ ఎనిమిదిన్నర శాతమైతే ఇరవై ఏళ్లపాటు నెలకు 78 వేలు. ఇద్దరి జీతాల్లో ఒకటి ఆగినా నడవాలి మరి. రెరా నంబరు లేకుండా "ప్రీలాంచ్" అంటూ తక్కువ ధర చెబితే ఫోను పెట్టెయ్యి. నంబరున్నా సరే, అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా పది శాతం కంటే ఎక్కువ తీసుకునే హక్కు బిల్డరుకి లేదు. చదరపుటడుగులు అడిగినప్పుడు కార్పెట్ ఏరియా అడుగు. పదిహేను వందల్లో గోడల మధ్య మనకి దక్కేది పదకొండు వందలో, ఇంకా తక్కువో. వదిన టేకు మంచం, బీరువా ఎక్కడ పడతాయో టేపు పెట్టి కొలుచుకో. ఈసీ, లింకు డాక్యుమెంట్లూ నువ్వు చదివి తేల్చుకోకు, లాయరుకి ఇవ్వు.

అడ్వాన్సు ఈ ఆదివారమే ఇవ్వాలని, లేకపోతే ధర పెరుగుతుందని ఆ ఏజెంటు కుర్రాడు రోజూ ఫోను చేస్తున్నాడని వదిన చెప్పింది. పెరగనీ. నల్లగండ్లలో ఒక ఏడాది అద్దెకి ఉండండి. అద్దె ఆ కిస్తీలో సగం కూడా ఉండదు, మిగిలింది నీ 30 లక్షల్లో కలుపుకో. ఒక వేసవి, ఒక వానాకాలం చూశాక కొల్లూరే బాగుందని కోడలు అంటే, అప్పుడు నేనే వచ్చి పాలు పొంగిస్తాను. ఈలోపు మంగళవారం రైలు సంగతి మర్చిపోకు. టికెట్టు దాన్నే తియ్యనివ్వు, ఏ పెట్టె ఎక్కాలో నీకంటే దానికే బాగా తెలుస్తుంది.