మానేసిన సంగతి

మా రోజుల్లో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు "అమ్మాయికి సంగీతం వచ్చా?" అని తప్పకుండా అడిగేవారు. పిల్ల సరళీస్వరాలు దాటి రెండు గీతాల దగ్గర ఆగిపోయి, హార్మోనియం అటకెక్కి నాలుగేళ్లయినా సరే, తలుపు చాటునుంచి అమ్మగారు "నేర్చుకుంటోందండీ" అనేవారు. ఆ 'నేర్చుకుంటోంది' మీద ఎన్ని పెళ్లిళ్లు జరిగిపోయాయో! దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోలేదు. మర్యాద అనుకున్నారు.

పోయిన అక్టోబరులో అమెరికాలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా ఆ మాట మళ్లీ నాకు ఎదురైంది. ఈసారి పెళ్లిచూపులు కావు, కాలేజీ చూపులు. మా మనవరాలు పన్నెండో తరగతి. అక్కడ చాలా కాలేజీలు మార్కులతో పాటు పిల్ల ఇంకేం చేసిందో కూడా అడుగుతాయి. కామన్ యాప్ అని ఒక దరఖాస్తు ఉంది. అది నింపితే ఎన్నో కాలేజీలకు పంపుకోవచ్చు. అందులో ఆటలూ, పాటలూ, సంఘసేవా లాంటివి పది దాకా రాయొచ్చు. ఒక్కోదాని వర్ణన 150 అక్షరాలు దాటకూడదు. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు, తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏయే తరగతుల్లో చేశావు, అన్నిటికీ గళ్లున్నాయి.

గొడవ ఆ గళ్ల దగ్గరే వచ్చింది.

మనవరాలు తొమ్మిదీ పదీ తరగతుల్లో శనివారాలు ఒక వృద్ధాశ్రమానికి వెళ్లేది. అక్కడ చూపు ఆనని ఒక పెద్దావిడకు రెండు గంటల సేపు పేపరు చదివి వినిపించేది. ఏడాదికి 30 వారాలు. పదకొండులో మానేసింది. మా అమ్మాయేమో, "పదకొండు కూడా టిక్కు పెట్టవే. ఎవరొచ్చి చూస్తారు? అందరూ అలాగే రాస్తారు. నువ్వొక్కదానివే హరిశ్చంద్రుడి చెల్లెలివా?" అంటుంది. పిల్ల పెట్టనంటుంది. మధ్యలో నేను ములక్కాడలు తరుగుతూ కూర్చున్నాను.

మా అమ్మాయి చెడ్డది కాదు సుమండీ. పక్కింటి పిల్ల పది గళ్లూ నిండుగా నింపుతుంటే తన పిల్ల వెనకబడుతుందేమోనని తల్లి ప్రాణం కొట్టుకోదూ? పైగా 2019లో అక్కడ బయటపడిన కుంభకోణంలో, డబ్బున్న కొందరు తల్లిదండ్రులు తెడ్డు పట్టని పిల్లల్ని పడవ పందేల క్రీడాకారులుగా చూపించారు. కొందరు జైలుకు కూడా వెళ్లారు. "వాళ్లతో పోలిస్తే ఒక్క టిక్కు ఎంతమ్మా!" అంది మా అమ్మాయి.

ఎంతో లెక్క వేశాను. వారానికి 2 గంటలు, 30 వారాలు. 60 గంటలు. చెయ్యని 60 గంటల పని ఒక్క టిక్కులో! ఇంకొకటి కూడా గమనించాను. నాలుగు తరగతులకూ గళ్లు విడివిడిగా ఇచ్చారంటే, మధ్యలో మానేసేవాళ్లు ఉంటారని ఆ దరఖాస్తు రాసినవాళ్లకూ తెలుసన్నమాట. మానేసినందుకు వాళ్లేమీ కేకలెయ్యడం లేదు. చివర్లో ఇదంతా నిజమేనని సంతకం మాత్రం అడుగుతున్నారు.

ఇదంతా మా అమ్మాయికి చక్కగా విడమరిచి చెప్పి, ఊరుకోక, "నేను చూడు, నెల్లూరు జిల్లాలో అక్షర దీపంలో చదువు చెప్పాను. ఆ చదువుతోనే గదా ఆడవాళ్లు సారా మీద తిరగబడింది!" అని గొప్పగా ముగించాను.

మనవరాలు తలెత్తి, "ఎన్నాళ్లు చెప్పావు అమ్మమ్మా?" అంది.

కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

1991లో మా వారి ఉద్యోగం నెల్లూరు జిల్లాలో. అక్షర దీపం కోసం ఊరూరా రాత్రి బడులు పెట్టారు. లాంతరు వెలుగులో కూలి పనుల నుంచి వచ్చిన ఆడవాళ్లకు నేనూ అక్షరాలు దిద్దించాను. మూడు నెలలు! పిల్లకు జ్వరం అని ఒక వారం మానేశాను. చుట్టాలొచ్చారని ఇంకో వారం. ఆ తర్వాత వెళ్లడానికి మొహం చెల్లలేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మీదికి కదిలారు. ఆ పోరు జిల్లాలు దాటి, 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. చదువు వాళ్లను కదిలించిన మాట నిజం. నేను చదువు చెప్పిన మాటా నిజం. రెండు నిజాల్నీ పక్కపక్కన పెట్టి, మధ్యనున్న 'మానేశాను' అన్న మాటను ముప్పయ్యేళ్లుగా మింగేస్తున్నాను.

మానేసిన కొన్నాళ్లకు నా దగ్గర చదువుకున్న ఒకావిడ బజారులో కనపడింది. సంతకం నేర్చుకోవాలని ఆవిడ కోరిక. "టీచరమ్మా, నా పేరు సగంలో ఆగిపోయె గదా!" అంది నవ్వుతూ. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇదంతా మనవరాలికి చెప్పాను. అది కాసేపు ఊరుకుని, "నేనూ అంతే అమ్మమ్మా. పరీక్షలని రెండు వారాలు మానేశాను. తర్వాత సిగ్గేసింది. ఆవిడ కొన్ని శనివారాలు నాకోసం చూసే ఉంటుంది" అంది.

అప్పుడు నాకు అర్థమైంది. చెయ్యని పనిని చేస్తున్నానని రాస్తే మోసపోయేది కాలేజీవాళ్లే అనుకుంటాం. కాని ఆ టిక్కుతో మనకోసం ఎదురుచూసిన మనిషినే చెరిపేస్తాం. కాగితం మీద ఆ పెద్దావిడ ప్రతి శనివారం పేపరు వింటూనే ఉంటుంది. నా గొప్పల్లో ఆవిడెప్పుడో సంతకం నేర్చేసుకుంది. ఇక వాళ్లను తలుచుకునే పనేముంది? మానేశానని ఒప్పుకున్నప్పుడే వాళ్లు మళ్లీ మన మనసులోకి వస్తారు. మానేయడం తప్పే కావక్కర్లేదు. ఆడదాని బతుకులో ఏ పని మాత్రం మధ్యలో ఆగకుండా సాగిందో మీరే చెప్పండి! కాని ఆగిన చోట ఆగిందని చెప్పడం, చేసిన రెండేళ్లకూ మనమిచ్చే గౌరవం. ఆ రెండేళ్లూ నిజం గదా, వాటికి మూడో ఏడాది ఆసరా దేనికి?

మనవరాలు తొమ్మిదికీ పదికీ టిక్కు పెట్టి ఊరుకుంది. మా అమ్మాయి నిట్టూర్చి, ములక్కాడలు తీసుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆ శనివారమే పిల్ల ఆ ఆశ్రమానికి వెళ్లొచ్చింది. ఆ పెద్దావిడ అక్కడ లేదు. ఎక్కడో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయిందట. ఏప్రిల్‌లో పిల్లకు ఒక కాలేజీలో సీటొచ్చింది, ఒకదాంట్లో రాలేదు. ఆ టిక్కు వల్ల వచ్చిందో పోయిందో ఎవరు చెప్పగలరు?

నేను మాత్రం ఈమధ్య ఎవరైనా అడిగితే, "అక్షర దీపంలో మూడు నెలలు చెప్పి మానేశాను" అంటున్నాను. చిన్న మాటే. అయినా 'మానేశాను' దగ్గర గొంతు ఇంకా కాస్త తడబడుతూనే ఉంది.