న్యాయాధిపతి యొద్దకు ఒక పత్రము

వేసవి యారంభమున చిన్న మంగళారములో ఆరాధన ముగిసిన పిమ్మట ఒక తండ్రి మా యొద్దకు వచ్చెను. ఆయన కుమారుడు హైదరాబాదులో న్యాయశాస్త్రము చదువుచున్నాడు. ఆ యింటివారు వాయిదాలకు కోర్టు మెట్లు ఎక్కిరే గాని చదువు కొరకు ఎక్కలేదు.

"అయ్యగారూ, మీకు తెలిసిన పెద్దమనిషికి ఒక జడ్జిగారు చుట్టమట. ఒక్క చీటి రాసియ్యుండ్రి. మావోడు నెల దినాలు ఆ సారు దగ్గర పని నేర్చుకుంటడు" అనెను.

దీనిని ఇంటర్న్‌షిప్ అందురు. బార్ కౌన్సిలు 2008 నియమముల ప్రకారము మూడేండ్ల చదువునకు 12 వారములు, ఐదేండ్ల చదువునకు 20 వారములు ఇట్టి పని చేయవలెను. న్యాయవాదుల యొద్దనైనను చేయవచ్చును. అయితే జడ్జిగారి యొద్ద ఉన్నవాడు దస్త్రములు చదివి, పాత తీర్పులు వెదకి, తీర్పు ఎట్లు పుట్టునో దగ్గర నుండి చూచును. కాలేజీ పత్రముతో జడ్జిగారి కార్యాలయమునకు మనవి పంపుకొనుట సరియైన మార్గము. ఆ స్థలములు కొద్ది, అడుగువారు అనేకులు.

మేము కలము తీసికొని ఆగిపోతిమి. బీదవాని కుమారుడు గదా, సహాయము చేసిన తప్పేమి? కాని లేవీయకాండము 19వ అధ్యాయము గొప్పవాని ముఖము చూడవద్దనుటతో నిలువక, బీదవాని పక్షమును వహింపవద్దని చెప్పుచున్నది. అది తీర్పును గూర్చిన మాట, నేర్చుకొనుటను గూర్చినది కాదని మాలో మేము వాదించుకొంటిమి. పట్టణపు పిల్లలకు పినతండ్రులు, మేనమామలు దారి చూపుచుండగా మనవాని విషయములోనే మనకు నీతి జ్ఞాపకము వచ్చుట న్యాయమా? ఈ ప్రశ్నకు మాకు ఇప్పటికిని పూర్తి జవాబు లేదు. అయినను చుట్టరికముచేత దొరికిన స్థలము, మనము ముఖమెరుగని మరియొక బీదవానిది కావచ్చును. మోషే న్యాయము తీర్చుటకు సమర్థులను ఏర్పరచుకొనెను. తన కుమారులను నియమించెనని వ్రాయబడలేదు. సమూయేలు తన కుమారులనే న్యాయాధిపతులుగా నియమించెను, వారు లంచము పుచ్చుకొనిరి.

తుదకు పత్రము వ్రాసితిమి, పెద్దమనిషికి కాదు. చిన్నవాడు తానే వ్రాసుకొన్న మనవితో జతపరచుటకు, మేము కన్నులార చూచినదే వ్రాసితిమి: ఆదివారపు బడి పిల్లలకు పాఠములు చెప్పుచున్నాడు, కానుకల లెక్కలో తాను చేసిన పొరబాటును ఎవరును అడుగకమునుపే ఒప్పుకొనెను. తండ్రి దానిని చదివించుకొని, "దీనితోని పనయితదా?" అని చిన్నబుచ్చుకొనెను.

కుమారునితో గేహజీని గూర్చి మాటలాడితిమి. ఎలీషా వద్దన్న కానుకను అతడు ఎలీషా పేరు చెప్పియే నయమాను యొద్ద పుచ్చుకొనెను. మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములలో భూముల ధరలు పెరిగినందున అన్నదమ్ములు సహితము కోర్టుకెక్కుచున్నారు. నీవు లోపల కూర్చున్నావని తెలిసిన దినమున, "సారు ఎటు మొగ్గుచున్నాడు?" అని సొంత పెదనాయనయే అడుగును. సుప్రీంకోర్టు 1997లో న్యాయమూర్తుల నడవడికను గూర్చి చేసిన తీర్మానములో, వారు కొంత ఎడముగా మెలగవలెనని యున్నది. వారి గదిలో నేర్చుకొనువాడు ఊరిలో వదరుబోతైన యెడల ఆ ఎడము ఏమగును?

అతడు చాలసేపు ఊరకుండి, "స్థలము దొరకకుంటె?" అని అడిగెను. కోర్టు విచారణ బహిరంగముగా జరుగును, వెనుక బల్లమీద కూర్చుండి వినుటకు ఎవరి చీటియు అక్కరలేదని చెప్పితిమి. మే నెల సెలవులు ముగిసి కోర్టు తెరవగానే చేవెళ్ల బస్సెక్కెదననెను. పత్రమునకు ఇంకను ప్రత్యుత్తరము రాలేదు.